ఆగిన లైను

"గల్లీకి కేబుల్ ఎందుకు బంద్ వెట్టినవ్, మొగులయ్యా?" అంటూ ఇందిరమ్మ అతని కేబుల్ గదిలోకి వచ్చింది.

"గల్లీల సావైతే టీవీలు బంద్ ఉంటయి గదక్కా."

మొన్న ఇస్నాపూర్ అవతల మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలి చనిపోయినవాడు ఆమె తమ్ముడు రాములు.

"అందుకే మా తమ్ముని వార్త సూడలేకపోయినం. పక్క గల్లీలోళ్లందరు సూసే ఉంటరు. మళ్ల ఎప్పుడేస్తవ్?"

"ఎక్కడా రాలేదక్కా."

"నువ్వు ఫ్యాక్టరీ గేటు కాడ కెమెరాతోటి తీసినవ్ గద. నీ లోకల్ ఛానల్ల ఎయ్యలేదా?"

మొగులయ్య డ్రాయరు మూసేశాడు. ఆ క్యాసెట్ అందులోనే ఉంది. పక్కన టీవీలో పార్లమెంటు సభ్యులు అరుచుకుంటున్నారు.

"వాళ్ల లొల్లి ఏంది?"

"కేబుల్ల ఏం సూపియ్యొద్దో చట్టం జేస్తరట."

"జేసిన్రా?"

"ఇంకా లేదు. మాట్లాడుతున్నరు."

ఇందిరమ్మ తెర మీంచి అతని వైపు తిరిగింది.

"మరి నీకెవలు వద్దన్నరు?"

మొగులయ్య గుర్తుచేసుకోవాలని చూశాడు.

"ఎవలూ అనలేదక్కా. అంటరేమోనని..."

ఆమె తల ఊపింది. కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది.

"ఇగ లైన్ ఇయ్యి. వాని పిల్లలు ఏడుస్తున్నరు. ఏదన్న సూస్తరు."