పదమూడు ఆంపియర్లు

బీరూట్‌లో వీధి మొత్తానికీ జనరేటరు కరెంటు అమ్మే అబూ నిజార్ ఆయాసపడుతూ నాలుగో అంతస్తు ఎక్కి, నజ్లా గుమ్మం పక్కనున్న బ్రేకరు డబ్బా తాళం తీశాడు.

"మళ్ళీ ట్రిప్పయింది! కెటిల్ పెట్టారు కదూ, మదామ్?"

"చలేస్తే పెట్టుకోనా?"

"పద్దెనిమిది వందల వాట్లండీ అది! రెండు వందల ఇరవై వోల్టులతో భాగిస్తే ఎనిమిది ఆంపియర్లు. మీరు తీసుకున్నది ఐదు. రోజూ మొత్తుకుంటున్నా!"

"ఆ లెక్కలు నా బుర్రకెక్కవు. రండి, కాఫీ తాగుదురు గాని. ఇంటికెళ్తే ఇచ్చేవాళ్ళెవరున్నారు మీకు? నాకు మాత్రం ఎవరున్నారు?"

యాలకుల కాఫీ చప్పరిస్తూ అతను గొప్పగా చెప్పాడు. "మీ అవస్థ చూడలేక ఇందాకే పది ఆంపియర్ల బ్రేకరు బిగించేశా. ఒక్క లీరా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. ఇక కెటిల్ పెట్టినా ట్రిప్పవదు. నాకూ మెట్ల బాధ తప్పింది."

నజ్లా ముఖం వాడిపోయింది. మెల్లగా అంది.

"నా ఇస్త్రీపెట్టె పదకొండు వందల వాట్లు. అంటే ఐదు ఆంపియర్లు. కెటిల్ ఎనిమిది. రెండూ కలిపి పెడితే పదమూడు. ట్రిప్పవుతుంది కదండీ?"

అబూ నిజార్ నోటిదాకా వెళ్ళిన కప్పు అక్కడే ఆగిపోయింది. ఆమెను ఎగాదిగా చూశాడు. మీసాల చాటున నవ్వు ఆగలేదు.

"రేపు ఇస్త్రీ ఎన్నింటికండీ?"