ఖాళీ పేజీ

‘పేజీ దొరకలేదు, ఖాళీ పేజీ ఇచ్చాను’ అన్న వాక్యం సరుకు పెట్టెల స్కానర్ లాగ్‌లో మూడుసార్లు కనిపించగానే ప్రియదర్శిని చేస్తున్న పని ఆపి మళ్లీ చదివింది. కంప్యూటర్ చేత ఆ మాట అనిపించిన ప్రోగ్రాము రాసింది తనే.

మేనేజర్ భీమశంకరరావుకు ఫోన్ చేసింది.

"సార్, స్కానర్ తనకు కావలసిన పెట్టె లోపలి బొమ్మ పేజీ మెమరీలో లేకపోతే, సిస్టమ్‌ను నడిపే కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ తెచ్చివ్వాలి, దొరక్కపోతే లేదని చెప్పాలి. లేదని చెబితే మెషీన్ ఆగిపోతోంది, డెమోలో ఆగకూడదన్నారు కదా. అందుకని ఖాళీ పేజీ ఇచ్చేలా రాశాను. తర్వాత తీసేయడం మర్చిపోయాను."

"అయితే ఏమైందండీ ఇప్పుడు?"

"ఈ పొద్దున మూడు పెట్టెలకు అలాగే జరిగింది. లోపల ఏముందో మెషీన్ చూడనేలేదు. ఏమీ లేదని పచ్చలైటు వేసేసింది."

లేదని చెప్పడానికి మొహమాటపడి ఖాళీ విస్తరి వేసినట్టయింది వ్యవహారం. తుక్కుగూడ దగ్గర ఆమె పనిచేసే గోదాములో పచ్చలైటు పడిన పెట్టె నేరుగా శంషాబాద్ వెళ్లి విమానమెక్కుతుంది.

"మూడే కదా. ఎవరితోనూ అనకండి. సాయంత్రం కూర్చుని సరిచేద్దాం" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

మూడే కదా! ఒక్క పెట్టెలో ఒక్క బ్యాటరీ అంటుకుంటే చాలదూ? గోదాము రేకులు అదిరేలా పైనుంచి విమానం ఒకటి పోయింది. అదేనేమోనని ఆమె తలెత్తి చూసింది. అది కాదు, మన సరుకు వెళ్లేది రెండుంబావు విమానం. ఇంకా ఇరవై నిమిషాలుంది.

స్కానర్ దగ్గరికి పరుగెత్తింది. తెర ముందు ఆపరేటర్ చెన్నయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"చెన్నయ్యన్నా, పొద్దుగాల తెర మీద లోపలేం కనిపించని డబ్బాలు వచ్చినయా?"

చెన్నయ్య చూపు పక్కకు తిప్పుకున్నాడు. "నాకేం తెల్వద్ మేడమ్."

"మూడు డబ్బాలన్నా. పచ్చలైటు పడ్డయి. జర యాదిజేసుకో."

"పచ్చలైటు పడితే పంపుడే గద." భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పోయినయ్. అన్నీ గా రెండుంబావు విమానానికే పోయినయ్."

ప్రియదర్శిని గడియారం చూసింది. ఆ విమానంలో ఎందరుంటారో లెక్కపెట్టబోయి మానుకుంది. ఫోన్ తీసి సరుకు ఎక్కించే ఆఫీసు నంబరు నొక్కింది.

"ఎవలకు చేస్తున్నవమ్మా?" చెన్నయ్య లేచి నిలబడ్డాడు. "పోలీసులకా?"

"విమానం ఆపమని చెప్తున్న. తప్పు నాదన్నా. మెషీన్ ఏం చూడకుండనే ఏం లేదని చెప్పింది. నేను గట్ల రాసిన. నా నౌకరి పోతే పోయింది. ఆ డబ్బాలల్ల ఏమున్నదో ఎవరికీ తెల్వదు."

ఫోన్ అవతల మోగుతోంది. చెన్నయ్య ఆమెను తేరిపార చూశాడు.

"అంటే గవి ఖాళీ డబ్బాలు కావా?"

"కావన్నా."

ఆయన గబుక్కున ఫోన్ లాక్కుని ఆపేశాడు. గోడ పక్కన ఆగి ఉన్న బెల్టు మీది పరదా వైపు వేలు చూపించాడు. పరదా కింద మూడు పెట్టెలు వరుసగా ఉన్నాయి.

"ఖాళీ డబ్బాకు విమానం కిరాయి ఎవడు కడ్తడు బిడ్డా, మధ్యల ఎవడో మాల్ కొట్టేసిండు, ఇగ దొంగతనం నా మీదికే వస్తదని, ముట్టుకుంటే వేలిముద్రలు పడ్తయని, బటన్ నొక్కి మూడిట్నీ గా పక్క బెల్టు మీదికి తోలి దాచిపెట్టిన."