చూపుడువేలు

"సెవెరో అయ్యగారి వేలండీ! ముట్టుకుంటే చాలు, జ్వరం పారిపోతుంది!"

సంతలో ఆ కేక వినగానే దొనాతో గిరుక్కున వెనక్కి తిరిగాడు.

సెవెరో అయ్యగారు అతని గురువు. బిషప్పులు పాపక్షమాపణ పత్రాలు అమ్ముకుంటున్నారనీ, గాడిద ఎముకలకు పుణ్యపురుషుల పేర్లు పెట్టి జనం నెత్తిన టోపీ పెడుతున్నారనీ ప్రసంగపీఠం మీంచి వేలెత్తి చూపిన మనిషి. మూడు నెలల క్రితం మతద్రోహి అని ఆయన్ని ఈ కూడలిలోనే సజీవదహనం చేశారు. ఇప్పుడాయన ప్రసంగాలు అచ్చువేయించడానికి శిష్యులు పస్తులుండి కూడబెట్టిన డబ్బుతో దొనాతో వెనిస్‌కి బయలుదేరాడు.

ఛీ! ఎముకలు అమ్మొద్దన్నవాడి ఎముకలే అమ్ముతున్నారు!

జనాన్ని తోసుకుంటూ వెళ్లాడు. అమ్మేవాడు పంటినొప్పి ఉన్నవాడిలా మొహమంతా గుడ్డ చుట్టుకున్నాడు. ఎడమచేతిలో చిన్న చెక్కపెట్టె ఉంది.

"ఒరే దొంగ సచ్చినోడా! నీ నోట్లో పురుగులు పడ! బూడిద కూడా మిగల్చకుండా నదిలో కలిపారు. వేలెక్కణ్ణించి ఊడిపడిందిరా?"

"మీరు చూశారా బాబూ?" గొంతు బొంగురుగా ఉంది.

"ఈ కళ్లతో చూశాను. తలకి నల్ల సంచి తొడిగి తీసుకొచ్చారు. మంట అంటుకున్నా కిక్కురుమనలేదు, మహానుభావుడు!"

అమ్మేవాడు తల దించుకున్నాడు. "అబద్ధమాడితే నా నాలుక తెగిపోవాలి. ఇది ఆయన వేలే."

"చూడు నాయనా," అంది పక్కనే చేపలమ్ముతున్న జెమ్మ. "మూడు నెలలైనా కుళ్లలేదు, కమల్లేదు. ఇది మహిమ కాకపోతే ఏమిటి?"

"మహిమా లేదు, మన్నూ లేదు!" దొనాతో పెట్టెలోంచి ఆ వేలు లాక్కున్నాడు, బురదలోకి విసిరేద్దామని.

ఎత్తిన చెయ్యి ఆగిపోయింది.

కణుపు దగ్గర పక్కకి వంకర. అంచున కలం ఒరుసుకుని కాసిన కాయ. పదేళ్లు ఆయన పక్కన కూర్చుని చూసిన వేలు అది.

దొనాతో మోకాళ్ల మీద కూలబడ్డాడు. దాన్ని కళ్లకద్దుకున్నాడు, ముద్దుపెట్టుకున్నాడు. "అనుమానించాను, క్షమించండి అయ్యగారూ" అని భోరుమన్నాడు. నడుముకి కట్టుకున్న అచ్చు డబ్బుల సంచి విప్పి పైకెత్తాడు.

"తీసుకో. అంతా తీసుకో."

సంచి బరువుగా ఉండటంతో, అమ్మేవాడు పెట్టె కింద పెట్టి, అంతసేపూ అంగీలో దాచుకున్న కుడిచెయ్యి కూడా చాచాడు. కట్టు కట్టిన ఆ చేతికి చూపుడువేలు లేదు.