అచ్చయ్యేదాకా చదవొద్దు

"ఇది కూడా పనికిరాదన్నారు," అన్నాడు బావ. చేతిలో ఉన్న మోటారు మీంచి తల ఎత్తలేదు.

డ్రైవరు గుమ్మంలోనే ఆగిపోయాడు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా ఇంకా మార్చలేదు.

"ఏమని రాశారు బావా?"

"ఏం రాస్తారు? ప్రచురించలేకపోతున్నాం అని ఫోన్లో ఒక ముక్క. అంతే."

బావ కాలిన మోటార్లకు కొత్త తీగ చుడతాడు. షాపు నిండా మాడిన రాగితీగ వాసన. కటింగ్ ప్లేయరుతో నల్లబడ్డ తీగను పీకి కింద పడేస్తున్నాడు. కాసేపటికి చేతులకంటిన వార్నిష్ తుడుచుకోడానికి ఒక కాగితం తీశాడు. దాని మీద బావ చేతిరాత ఉంది.

"అది కథ కాదూ?"

"గుడ్డపీలిక దొరకలేదు."

షాపు వెనక ఒకటే గది. అందులో మంచం వాల్చి ఉంది. పగటిపూట ఆ మంచం వాల్చి ఉండడం డ్రైవరు చూసి చాలాకాలమైంది.

అక్క పోయిన కొత్తలో బావ ఆ మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెట్టిన అన్నం పెట్టినచోటే ఎండిపోయేది. చుట్టాలొచ్చి ధైర్యం చెప్పారు, కసిరారు, ఏడ్చారు. గోడకు చెప్పినట్టే అయింది. ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే డ్రైవరుకు కొన్ని కాగితాలు దొరికాయి. పాత బిల్లుల వెనకవైపు, అక్కతో మాట్లాడుతున్నట్టు ఏవేవో రాసుకున్నాడు.

"ఇవి కథలు బావా. పత్రికకు పంపు," అన్నాడు డ్రైవరు.

"నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నేనూ రాస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు. నన్నూ నవ్వుతారు."

"నువ్వా?" అని బావ ఇటు తిరిగాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. "అయితే ఒక మాట. దొరికినవి చదివావు, సరే. ఇకమీదట అచ్చయ్యేదాకా నావి చదవడానికి వీల్లేదు. నాకు సిగ్గు. నీవి నేనూ అడగను."

అప్పటినుంచీ ఇద్దరి కవర్లూ ఒకేరోజు పోస్టు డబ్బాలో పడేవి. డ్యూటీ లేనప్పుడల్లా డ్రైవరు వచ్చి, "నీ కథ ఎక్కడిదాకా వచ్చింది?" అనేవాడు. "పెళ్లివారు దిగారు, వంట కాలేదు," అనేవాడు బావ. "నాది ఇంకా పెట్రోలు బంకు దగ్గరే ఉంది," అనేవాడు డ్రైవరు. ఒక్కటీ అచ్చు కాలేదు. అయినా షాపు తలుపులు తెరుచుకునేవి.

"ఈ మోటారు ఇచ్చేసి షాపు కట్టేస్తా," అన్నాడు బావ ఇప్పుడు. "రాతా వద్దు, ఏమీ వద్దు. కాసేపు పడుకోవాలనుంది."

డ్రైవరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. 

"నాదీ పోయింది బావా."

ప్లేయరు ఆగింది.

"ఎప్పుడు?"

"పొద్దున. నీకు మర్యాదగానే చెప్పారు. నాకైతే ఇందులో ప్రాణం లేదు, ఇకమీదట పంపొద్దు అన్నారు."

"పంపొద్దన్నారా? ఆ మాట అనడానికి వాడెవడు?"

"నిజమేగా. బస్సు తోలుకునేవాడికి కథలెందుకు?"

"నోర్ముయ్! పొద్దస్తమానం అద్దంలో అంతమంది మొహాలు చూస్తావు. చంటిపిల్లతో ఎక్కినావిడెవరో, ఏడ్చి ఎక్కినావిడెవరో నీకు తెలిసినట్టు వాడికి తెలుసా?"

"నావల్ల కాదు బావా. నేను మానేస్తా." డ్రైవరు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

బావ లేచొచ్చి అతని భుజం పట్టుకున్నాడు. వార్నిష్ వేళ్లు ఖాకీ మీద అచ్చుపడ్డాయి.

"ఒరేయ్, ఇటు చూడు. రేపు ఆ కథ పట్రా. నేను చదువుతా."

డ్రైవరు గబుక్కున తలెత్తాడు. "అచ్చయ్యేదాకా వద్దన్నావుగా!"

"అన్నాను, ఇప్పుడు తెమ్మంటున్నాను. మోటారు విప్పకుండా ఎక్కడ కాలిందో ఎట్లా చెప్పేది? ఇద్దరం కూర్చుని బాగుచేద్దాం. నాదీ నీ ముందు పెడతా, సిగ్గూ లేదు గిగ్గూ లేదు."

"రేపేనా? ఎల్లుండి..."

"రేపే. తేకపోతే నేనే మీ ఇంటికొచ్చి పెట్టె తెరుస్తా."

అని లోపలికెళ్లి మంచం ఎత్తి గోడకు నిలబెట్టాడు. గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది. "తిని వెళ్లు. నాకూ ఆకలేస్తోంది," అన్నాడు లోపల్నుంచి.

డ్రైవరు ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది.

"అన్నయ్య ఎలా ఉన్నాడు?" అంది భార్య.

"మంచం ఎత్తేశాడు."

"తిన్నాడా?"

"నాకూ పెట్టాడు."

ఆమె కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరకు వెళ్లింది. ఇన్నాళ్లూ ఖాళీగానే కవర్లలో పెట్టి పంపిన తెల్లకాగితాల్లో మిగిలినవీ, కలమూ తీసుకుని డ్రైవరు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఒక వాక్యం రాశాడు. కొట్టేశాడు. మళ్లీ రాశాడు. స్టీరింగు పట్టే చెయ్యి కలం మీద చెమట పట్టింది.

అతను రాస్తున్న మొట్టమొదటి కథ అది.