నాలుగు పేటల ముడి

డైరెక్టరు గారు ఫ్రీజరు ప్లగ్గు మీద చెయ్యి వేశారు. ఆ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది పరిశోధకురాలు.

"ఒక్క ప్లేటు ఆరాలండీ. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత మీ ఇష్టం."

ఈ గది వేరే బృందానికి ఇచ్చేశామనీ, వాళ్ళు సామాన్లతో సహా వరండాలో కాచుక్కూర్చున్నారనీ ఆయన సణిగారు. మోతాదు మార్చి మార్చి నలభైసార్లు వేసినా పనిచెయ్యని మందు నలభై ఒకటోసారి మాత్రం ఏం ఉద్ధరిస్తుందన్నారు. అంటూనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పైకి కరకుగా ఉంటారు గానీ మనిషి మెత్తన.

ప్లేటు కిటికీ దగ్గర బోర్లించి ఉంది. దానికి ఆరు గుంటలు. గుంటల అడుగున జీవకణాలు పలచటి పొరలా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద వైరస్ వదిలి, మూడు గుంటల్లో ఉత్త నీళ్ళు, మూడింట్లో మందు వేసి, మూడు రోజుల తర్వాత ఊదారంగు పట్టించారు. బతికున్న కణాలకే ఆ రంగు అంటుతుంది. వైరస్ తినేసిన చోట తెల్లటి చిల్లు పడుతుంది. మందు గుంటల్లో చిల్లులు కనబడ్డాయా, ఫ్రీజరుతో పాటు ఆమె పనీ ఆగిపోతుంది.

అది కంట్లో చేరే వైరస్. తగ్గిందనుకుంటే నరంలో నక్కి, తీరిగ్గా మళ్ళీ లేచి వస్తుంది. ఆమె అక్కకి ఒక కన్ను ఎప్పుడో మసకబారింది, రెండోది ఈ నెలలో ఎర్రబడింది. ఆ సంగతి ఆమె డైరెక్టరు గారికి చెప్పలేదు. జాలిపడి ఇచ్చే గది ఆమెకు అక్కర్లేదు.

మధ్యాహ్నపు ఎండ ప్లేటులోంచి దూరి గచ్చు మీద ఊదాగా పడింది. జ్వరం తగ్గి ఒక్కరోజే అయిందేమో, కూర్చున్నచోటే ఆమెకు కళ్ళు మూతలు పడ్డాయి. ఆ ఊదా వెలుగులోకి నడిచి వెళ్ళింది. వైరస్ లోపలి జన్యువుల దారం పొడుగ్గా, మెత్తగా ఆమె ముందు సాగిపోతోంది. అక్కడక్కడా తన మీద తనే మడతపడి నాలుగు పేటల ముడి వేసుకుంది. దూరం నించి ఆ దారానికి నకలు తీసి వైరస్‌ని పెంచే యంత్రం వస్తోంది. ముడి వచ్చిన చోటల్లా విప్పుకుంటూ, దారం పక్కన కొత్త దారం పేనుకుంటూ వస్తోంది. ఒక్క ముడి విప్పలేకపోతే చాలు, అక్కడే ఆగిపోతుంది.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ముడి బిగించబోయింది. జారిపోయింది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారింది. పక్కన అక్క కూర్చుని ఉంది, రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి. "కంగారు పడకే, ఇంకా టైముంది" అంటోంది. యంత్రం చప్పుడు దగ్గరవుతున్నకొద్దీ భయం వెయ్యలేదు సరికదా, ఎందుకో హాయిగా ఉంది.

"ఆరింది" అన్నారు డైరెక్టరు గారు.

ఆమె లేచి ప్లేటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నీళ్ళ గుంటలు మూడూ జల్లెడలా ఉన్నాయి. మందు గుంటలు మూడూ నిండా ఊదారంగే, ఒక్క చిల్లు లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆమె ఇంకా కలలోనే ఉన్నానేమోనని చెయ్యి గిల్లుకుంది. నొప్పి పుట్టింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఆయన ఆ మందు సీసా చూపించమన్నారు. ఆమె ఫ్రీజరు తెరిచి తీసింది. మందు నీళ్ళంత తేటగా ఉంది. జ్వరం రాకముందు మూత మీద తన చేత్తో చుట్టిన టేపు చుట్టినట్టే ఉంది. సీసా ఎవరూ తెరవనే లేదు.

ఆమె గది మూల నిలబడ్డ టెక్నీషియన్ వైపు తిరిగింది. తను జ్వరంతో పడుకున్నప్పుడు ఈ ప్లేటులో మందు వేసింది అతనే. ఆ గదిలో ఆమెకన్నా పాతవాడు, ఆమెకు వరస కలిపిన బాబాయి.

"బాబాయ్, జ్వరంతో ఇంట్లో ఉండి ఫోన్లో నీకేం చెప్పాను?"

"ముడి వెయ్యమన్నావు. వేశాను."

వైరస్ ముడిని బిగించే మందు కాబట్టి ఆమె దాన్ని మనసులో ముడి అనే పిలుచుకునేది. జ్వరంలో ఆ ముద్దుపేరే నోట్లోంచి వచ్చేసింది. అతనికి ముడి అంటే ముడిసరుకు. మందు కాచి దించాక, ఇంకా శుద్ధి చెయ్యని గోధుమరంగు నీళ్ళు. అవే తీసుకెళ్ళి మూడు గుంటల్లోనూ వేశాడు.

ఆమె ప్రాణం ఉసూరుమంది. మూడేళ్ళు కష్టపడి తయారుచేసిన మందు ఆ ప్లేటు మొహమే చూడలేదు.

డైరెక్టరు గారు మాత్రం లేచి వెళ్ళి, వరండాలో ఉన్నవాళ్ళని సామాన్లు తీసుకుని వెళ్ళిపొమ్మన్నారు. వచ్చి టెక్నీషియన్ ఎదురుగా కూర్చున్నారు.

"నలభైసార్లు శుద్ధి చేసి వేస్తే చిల్లులు పడ్డాయి. ఒక్కసారి చెయ్యకుండా వేస్తే పడలేదు" అన్నారు మెల్లగా. "శుద్ధి చేసినప్పుడు ఆ గోధుమరంగు మడ్డిని ఏం చేస్తావయ్యా?"

అతను ఆమె వైపు చూడలేక తల వంచుకున్నాడు.

"సింకులో పోసేస్తానండీ. ఒక్క చుక్క మిగిలినా ఊరుకోనని మూడేళ్ళుగా అమ్మాయే దగ్గరుండి పోయిస్తోంది."