మిరప కల్లం గుర్తు

ఫెబా మేడమ్ తన చేతిరుమాలు తీసి విమానంలోని జీపీఎస్ తెర మీద కప్పేసింది.

కోటేష్‌కి ఒళ్లు మండింది. "ఏంటండీ ఇది?"

"దారి చెప్పాల్సింది మీరు, అది కాదు. మ్యాపుంది, దిక్సూచి ఉంది, గడియారం ఉంది. వినుకొండ దాకా వెళ్లి కొండ చుట్టి వద్దాం."

కోటేష్‌ది గుంటూరులో మిరపకాయల వ్యాపారం. సరదాకి రెండు సీట్ల విమానం కొనుక్కున్నాడు. లైసెన్సు ఉన్నా సరే, గడువుకోసారి ఇలా ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరి చూపించాలి. పాసైతేనే పక్కసీట్లో ఇంకో మనిషిని ఎక్కించుకోవచ్చు.

పెళ్లిరోజున భార్య అఖిలను ఆకాశంలో తిప్పుతానని మనవాడు ఊరంతా టముకు వేశాడు. తీరా చూస్తే, క్లబ్బుకి కొత్తగా వచ్చిన ఈ నవ్వులేని పెద్దావిడ చేతిలో పడ్డాడు.

మ్యాపు విప్పనైనా విప్పలేదు.

"ఈ నేల మీద పుట్టినోణ్ణి, నాకు మ్యాపెందుకండీ? ముందు పెద్ద మిరప కల్లం వస్తుంది, ఎర్రగా. అక్కడ కుడికి తిరిగితే వినుకొండే."

"కాయలు ఎత్తేసుంటే?"

"మొన్ననే చూశానండీ!"

మబ్బు చూసి భయపడ్డ రైతు, కాయలన్నీ నిన్ననే బస్తాలకెత్తేశాడు. కింద ఎంతసేపటికీ పత్తి చేలే. చాలా దూరం పోయాక ఒక కల్లం ఎర్రగా కనపడింది. కోటేష్ హమ్మయ్య అనుకుని కుడికి తిప్పాడు.

కొండ రాలేదు. గ్రానైట్ గుంతలు, లారీల బారు వచ్చాయి.

"ఎక్కడున్నాం?" అంది ఫెబా.

"వినుకొండ... దగ్గర్లోనే."

"చీమకుర్తి."

కిందికి దిగాక ఒక్కటే మాట చెప్పింది. "పాస్ చేయను. రేపట్నించి రండి, నేర్పుతాను."

"పెళ్లిరోజు వచ్చే వారమేనండీ! మా ఆవిడకి మాటిచ్చాను!"

"అందుకే చేయనంటున్నాను."

కోటేష్ నోరు జారాడు. "మొగుడూ పెళ్లాల ముచ్చట మీకేం తెలుస్తుందిలెండి!"

ఆమె రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

కోటేష్ ఊరుకునే రకం కాదు. క్లబ్బు పెద్దలకి ఫోన్ల మీద ఫోన్లు కొట్టాడు. ఆవిడ తనని నానా మాటలూ అన్నదని కట్టుకథ అల్లాడు. వాళ్లు ఫెబాను పిలిచి అడిగితే ఆమె తనవైపు నుంచి ఒక్క మాటా చెప్పుకోలేదు. ఉద్యోగం ఊడింది. ఆమె స్థానంలో వచ్చిన కుర్ర ఇన్‌స్ట్రక్టర్ రన్‌వే చుట్టూ ఒక్క రౌండు కొట్టించి, చెయ్యి కలిపి, పాస్ అనేశాడు.

పెళ్లిరోజు అఖిల కొత్తచీరలో విమానం ఎక్కింది.

దారిలో జీపీఎస్ తెర నల్లబడింది. కింద అంతా మసక. మ్యాపు విప్పితే తానెక్కడున్నాడో వేలు పెట్టి చూపించలేని పరిస్థితి. తిరిగి తిరిగి పెట్రోలు అడుగంటాక ఏదో పత్తి చేలో దింపాడు. చక్రం గట్టుకి తగిలి విమానం బోర్లాపడింది.

కోటేష్‌కి గీతలు పడ్డాయి. అఖిలకు రెండు కాళ్లూ విరిగాయి.

ఆసుపత్రికొచ్చిన క్లబ్బువాళ్ల నోట సంగతంతా విన్న అఖిల అతని మొహం చూడలేదు. "ఆవిడ వద్దందిగా. నాకెందుకు చెప్పలేదు?" అని మాత్రం అడిగింది.

కోటేష్ క్లబ్బుకి పరిగెత్తాడు. పాత మెకానిక్ నన్నే సాహెబ్ ఇంజను తుడుస్తున్నాడు.

"ఫెబా మేడమ్ ఇల్లెక్కడ, సాహెబ్?"

"ఎందుకు? ఇంకా తిట్టాలా?"

"కాళ్ల మీద పడాలి."

"ఊరొదిలేసి పోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలా."

కోటేష్ అడిగాడు. "ఎవరినీ ఊరికే పాస్ చేసేది కాదా ఆవిడ?"

సాహెబ్ గుడ్డ పక్కన పడేశాడు. అతని గొంతులో జాలి లేదు.

"దారి తప్పినా పోనీలే అని ఒక్కణ్ణే పాస్ చేసిందయ్యా, కట్టుకున్న మొగుణ్ణి, ఆయన విమానం నల్లమల కొండల్లో ముక్కలై దొరికింది."