ఆఖరి ఇద్దరు

ఒడ్డున మైకులో ఎవరో ఏదో చెబుతున్నారు. జనం గొల్లున నవ్వి, చప్పట్లు కొట్టారు. జెనెల్‌కి ఒక్క ముక్క వినపడలేదు. మరుగుదొడ్ల ముందు క్యూలో మళ్లీ నిలబడి ఉంది.

"ఏం చెబుతున్నారు?" అని ముందున్నామెని అడిగింది.

"ఏటా చెప్పేవే. మొదటిసారా?"

"అంత తెలిసిపోతోందా?"

"అప్పుడే హెల్మెట్ పెట్టేసుకున్నావు. ముందు ఈత కదా తల్లీ!"

జెనెల్ గబగబా హెల్మెట్ తీసేసింది. విస్కాన్సిన్‌లో ఆ సరస్సు ఒడ్డున ఏటా జరిగే ఆడవాళ్ల ట్రయథ్లాన్ అది. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి. బడి వంటింట్లో గరిటె తిప్పుకునే మనిషికి యాభయ్యో పడిలో ఈ పిచ్చి ఎందుకు పట్టిందంటే ఆమే చెప్పలేదు. గెలవాలన్న ఆశ లేదు. ఆఖరున రాకూడదు, అంతే. చిన్నప్పుడు పరుగు పందెంలో ఎప్పుడూ ఆమే ఆఖరు. వ్యాయామం మాస్టారు పిల్లలందర్నీ నిలబెట్టి మరీ చప్పట్లు కొట్టించేవాడు. ఆ జాలి చప్పట్లు ఇప్పటికీ ఆమె చెవుల్లోంచి పోలేదు.

"నేను ఆఖరున వస్తే మాత్రం చప్పట్లు కొట్టకు," అని మొగుడు డ్వేన్‌కి పొద్దున్నే చెప్పింది. "నన్ను ఎరగనట్టు కారెక్కి కూర్చో."

"తాళాలు నీ దగ్గరే ఉన్నాయి కదే," అన్నాడు డ్వేన్.

నీళ్లలో దిగాక అసలు సంగతి తెలిసింది. కొలనులో నేర్చుకున్న ఈత వేరు, అడుగు కనపడని ఈ నల్లటి నీళ్లు వేరు. సగం దూరం కూడా పోకుండానే భయం పట్టుకుంది. కాపలా పడవ అంచు పట్టుకుని వేలాడింది. ఎక్కించుకోమని పడవమ్మాయిని అడగబోతుంటే పక్కన నీళ్లలో ఒక తల తేలింది. ముడతలు పడ్డ మొహం, టోపీ కిందనుంచి తెల్ల జుట్టు.

"ఊపిరి పీలుస్తూనే ఉన్నావు. వదలడం మరిచిపోయావు," అంది పెద్దావిడ.

"మీరు వెళ్లండి. నావల్ల మీకూ ఆలస్యం."

"నాకేం తొందర? త్వరగా ఇంటికెళ్తే గిన్నెలు తోమాలి. నా పేరు ఆర్లీస్. పద, పదిసార్లు చేతులాడిద్దాం. ఆ తర్వాత మా ఆయన్ని తిట్టుకుందాం."

అలా పది పదిగా తిట్టుకుంటూ ఒడ్డు చేరారు. జెనెల్ వెనక్కి తిరిగి చూసింది. సరస్సు ఖాళీ. వెనకున్నది ఆర్లీస్ ఒక్కతే. 'అమ్మయ్య, ఒక్కరైనా ఉన్నారు' అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది.

సైకిలెక్కాక గుట్ట దగ్గర జెనెల్ దిగి నడిపించుకుంటూ పోయింది. తిరిగి చూస్తే ఆర్లీస్ కూడా దిగిపోయి, చెయిన్‌తో కుస్తీ పడుతోంది. పాపం, ఆవిడకి అన్నీ అలాగే జరిగాయి. జెనెల్ ఎక్కడ ఆగితే అక్కడ ఆవిడకీ ఏదో ఒకటి, బూటులో రాయో, కంట్లో నలుసో.

పరుగు దారిలో మంచినీళ్లిచ్చేవాళ్లు ఆవిణ్ణి చూసి పకపకా నవ్వారు. "ఈ ఏడూ తప్పలేదా, ఆర్లీస్?"

జెనెల్‌కి ఒళ్లు మండింది. "ఏమిటా నవ్వు, వయసైనా చూడకుండా!"

"పోనీలే. ఏటా వస్తాను, ఏటా ఆఖరే. వాళ్లకి అలవాటైపోయింది."

"ఏటానా?" జెనెల్ గుండె కలుక్కుమంది. "మోకాళ్లు ఎలా ఉన్నాయి మీకు?"

ఆర్లీస్ ఒక్క క్షణం తెల్లబోయింది. "ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదమ్మా," అంది మెల్లగా. "నొప్పే. కానీ పరవాలేదు."

మలుపు తిరగ్గానే ముగింపు గీత కనపడింది. అటూ ఇటూ జనం, అందరికన్నా ముందు డ్వేన్. జెనెల్ అడుగు తగ్గించింది. ఈ ఆర్లీసే లేకపోతే తను పొద్దున్నే పడవెక్కి ఏడుస్తూ ఇంటికెళ్లేది. అలాంటి మనిషికి మళ్లీ ఆ జాలి చప్పట్లా?

"ముందు మీరు వెళ్లండి," అంది.

"వద్దొద్దు! నువ్వు పో!" ఆర్లీస్ మొహంలో నిజంగానే కంగారు. బూటు లేసు కట్టుకునే వంకతో వంగింది.

"మొహమాటపడకండి. మీరు నాకు చేసినదానికి నేనింకేం చెయ్యగలను?" జెనెల్ ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి లేవదీసింది. వద్దంటున్నా వినకుండా, కొత్తకోడల్ని గడప దాటించినట్టు గీత దాటించింది. ఆ తర్వాత తను దాటింది.

మైకు మూగబోయింది. జనం నోళ్లు తెరిచారు. మరుక్షణం ఈలలు, కేకలు, చప్పట్లు. డ్వేన్ కన్నీళ్లతో, పొద్దున చెప్పిన మాట మరిచిపోయి, అరచేతులు ఎర్రబడేలా కొడుతున్నాడు. ఆ చప్పుడు జెనెల్‌కి ఈసారి ఎక్కడా గుచ్చుకోలేదు.

పందెం నడిపే ఆవిడ పరుగున వచ్చింది. "ఆర్లీస్! ఎంత పని చేశావు!"

జెనెల్ మధ్యలోకి వెళ్లి నిలబడింది. "ఆవిణ్ణేమీ అనకండి! నేనే తోశాను. ఏటా ఆఖరున రావడం ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ఆర్లీస్ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. జెనెల్ రెండు చేతులూ పట్టుకుంది. "ఎంతమందితోనో ఈ గీత దాకా వచ్చాను. నన్ను ముందు పొమ్మన్నది నువ్వొక్కతివే తల్లీ. నీ మేలు మరిచిపోను."

"మరి ఈవిడకెందుకు అంత కంగారు?" అంది జెనెల్, పందెం నడిపే ఆవిణ్ణి చూపిస్తూ.

"పొద్దున మైకులో చెప్పారుగా? ఇంకెవరూ ఆఖరున రాకుండా, ఏటా ఆఖరున రావడమే నా పని."